ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో గుర్రాల పెంపకం

ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోను, చుట్టుపక్కల గ్రామాలలోను గుర్రాన్ని ఇంటివద్దనే కట్టివేసి, మేపి, స్వారీకి గాని బండి లాగటానికి గాని ఉపయోగించే వాడుక చాలాకాలం నుండి ఉన్నది. పూర్వం ఇది సైన్యానికి, ఆ తరువాత జట్కా బండ్లకు ఆధారంగా నిలిచింది. మోటారు వాహనాలు పెరిగిన తరువాత ఈ వృత్తి చాలావరకు క్షీణించింది. ప్రస్తుతం గుర్రాలను ముఖ్యంగా పెళ్ళి ఊరేగింపులకు, ఉత్సవాలకు, అభిరుచికి పెంచుతున్నారు. ఈ ప్రాంతపు ఎండలు, నల్లరేగడి నేలలు, నీటి కొరత గుర్రపు దినచర్యను నిర్ణయిస్తాయి. అందువలన ఇక్కడి పెంపకం ఋతువులను అనుసరించి మారుతూ ఉంటుంది.

ప్రాంత స్వరూపం

ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోని పత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. కర్ణాటక సరిహద్దు దగ్గరలో ఉన్నందున ఇక్కడ తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ కూడా వినిపిస్తాయి. గుర్రపు సామగ్రికి సంబంధించిన జీను, రికాబు, లగాము, నాడా వంటి మాటలు ఉర్దూ ద్వారా వాడుకలోకి వచ్చినవే. వీటితో పాటు కళ్ళెం, పగ్గం, అంకవన్నె, లాడం వంటి మాటలు కూడా తెలుగులో ఉన్నాయి.

కర్నూలు జిల్లా సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పత్తి, వేరుశనగ, జొన్న, కొర్ర, శనగ ఇక్కడి పంటలు. గుర్రానికి దాణాగా పెట్టే ఉలవలు కూడా మెట్ట భూములలో పండుతాయి.

చరిత్ర

దక్షిణాదిన మేలుజాతి గుర్రాలు తక్కువ. అందువలన రాజులు అరేబియా, పర్షియా దేశాల నుండి ఓడలలో వాటిని తెప్పించేవారు. కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలో ఓడలపై వచ్చే సరుకులలో గుర్రాల ప్రస్తావన ఉన్నది. 13వ శతాబ్దం చివరలో దక్షిణ దేశాన్ని చూచిన మార్కో పోలో, ఇక్కడివారు గుర్రాలకు మాంసంతో కలిపి ఉడికించిన అన్నం పెడుతున్నారని, లాడాలు కొట్టటం తెలిసినవారు లేనందున ఎన్నో గుర్రాలు చనిపోతున్నాయని వ్రాశాడు. గుర్రం కొనటం కంటె దానిని బ్రతికించుకోవటమే కష్టమని దీనివలన తెలుస్తుంది.

విజయనగర రాజులు భట్కళ్, గోవా రేవుల ద్వారా గుర్రాలను కొనేవారు. ఆదోని కోట ఆ సామ్రాజ్యపు ముఖ్యమైన కోటలలో ఒకటి. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత అది బిజాపూరు సుల్తానుల వశమైంది. అటుపిమ్మట మొగలుల చేతికి, తరువాత నిజాం వంశీకుల చేతికి పోయింది. నిజాం ఆలీ సోదరుడైన బసాలత్ జంగ్ 1782లో మరణించేవరకు ఆదోని ఆయన జాగీరుగా ఉండేది. 1786లో టిప్పు సుల్తాను ఈ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో ఈ ప్రాంతం దత్తమండలాలలో భాగంగా ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆశ్వికదళం అవసరం మారలేదు. కనుక గుర్రాలను మేపటం, లాడాలు కొట్టటం, జీనులు కుట్టటం తెలిసిన కుటుంబాలకు పని ఉండేది.

దత్తమండలాల మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు గుడారాలలో నివసిస్తూ, గుర్రంపై ఊరూరా తిరిగి భూముల వివరాలు సేకరింపజేశాడు. తరువాత మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు, 1827లో, ఈ జిల్లాలోని పత్తికొండలో కలరాతో మరణించాడు. చెన్నైలో 1839లో ప్రతిష్ఠించిన ఆయన అశ్వారూఢ విగ్రహాన్ని ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పి మలిచాడు. అందులో గుర్రానికి జీను గాని రికాబులు గాని లేకపోవటం ప్రసిద్ధమైన విశేషం.

అశ్వశాస్త్రానికి మన దేశంలో పాత సంప్రదాయం ఉన్నది. సంస్కృతంలో శాలిహోత్రుని పేరుమీద ఉన్న గ్రంథాలు, తెలుగులో మనుమంచి భట్టు రచించిన హయలక్షణవిలాసము ఇందుకు నిదర్శనాలు. గుర్రపు నడకలను పూర్వులు పంచధారలు అన్నారు. అవి ధౌరితకం, వల్గితం, ప్లుతం, ఆస్కందితం, రేచితం.

జట్కా బండి

మద్రాసు, రాయచూరుల మధ్య రైలుమార్గం 1871లో పూర్తి అయినది. ఆదోని ఆ మార్గంలో ఉన్నది. ఎమ్మిగనూరు పట్టణానికి రైలు లేదు. స్టేషను నుండి ఇళ్ళకు, మార్కెట్టుకు, దగ్గరి గ్రామాలకు చేర్చటానికి మద్రాసు రాష్ట్రంలోని ఇతర పట్టణాలలో వలెనే ఇక్కడ కూడా జట్కా బండ్లు వాడుకలోకి వచ్చాయి. ఒక గుర్రం గాని తట్టువ గాని లాగే రెండు చక్రాల గూటిబండిని జట్కా అంటారు. లోపల గడ్డి పరచి, దానిపై గోనెపట్టా గాని పరుపు గాని వేస్తారు. బండివాడు ముందు భాగాన కూర్చుంటాడు.

జట్కా నడకలో ముఖ్యమైనది బరువు సమతూకం. బరువు వెనుకకు పడితే బండి కొయ్యలు పైకి లేచి, పొట్ట క్రింద కట్టిన పట్టీ గుర్రాన్ని పైకి గుంజుతుంది. ముందుకు పడితే భారమంతా గుర్రపు వీపుపై పడుతుంది. "కొంచెం ముందుకు జరగండి", "వెనక్కి సర్దుకోండి" అని బండివాడు పదేపదే చెప్పటానికి కారణం ఇదే. ఆ మాట ప్రయాణికుల సౌకర్యం కొరకు కాదు, గుర్రపు వీపు కొరకు.

గుర్రం మామూలు నడకలో గంటకు సుమారు 6 కిలోమీటర్లు, చిన్న పరుగులో సుమారు 12 కిలోమీటర్లు పోగలదు. నడక, పరుగు మార్చుకుంటూ, మధ్యలో విశ్రాంతి ఇస్తూ పోతే ఆదోని నుండి ఎమ్మిగనూరుకు ఒక పూట పడుతుంది. అదే రోజు తిరిగి రావటం గుర్రానికి భారం.

గుర్రం ఎంపిక

భీమా నది లోయకు చెందిన భీమ్‌థడీ అనే దక్కను గుర్రాలు, కాఠియావాడ, మార్వాడ గుర్రాలు, జాతి నిర్ణయించలేని నాటు తట్టువలు దక్కనులో కనిపిస్తాయి. మహారాష్ట్రలోని మాళేగావ్, సారంగ్‌ఖేడా సంతలు గుర్రాల అమ్మకానికి పేరుపొందినవి. మూపు వద్ద 147 సెంటీమీటర్ల కంటె తక్కువ ఎత్తు ఉన్నదానిని సాధారణంగా తట్టువ అంటారు.

కొనేటప్పుడు పళ్ళు చూచి వయసు కడతారు. ముందు పళ్ళలో మధ్య జత సుమారు రెండున్నర ఏళ్ళకు, ప్రక్క జత మూడున్నర ఏళ్ళకు, చివరి జత నాలుగున్నర ఏళ్ళకు ఊడి శాశ్వత దంతాలు వస్తాయి. తరువాత పళ్ళ అరుగుదలను బట్టి అంచనా వేస్తారు. వయసు ముదిరేకొద్దీ ఈ అంచనా నమ్మదగినది కాదు. పళ్ళ తరువాత గిట్టలు, కళ్ళు, ఊపిరి, కుంటి ఉన్నదీ లేనిదీ చూడాలి. సుడులు చూచి శుభాశుభాలు నిర్ణయించటం ఒక ఆచారం. దానికి గుర్రపు ఆరోగ్యంతో సంబంధం లేదు.

సాల, దినచర్య

గుర్రాన్ని కట్టే చోటును సాల అంటారు. పెద్ద గుర్రానికి సుమారు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల చోటు ఉంటే అది పడుకొని లేవగలదు. గుర్రం నిలబడి కూడా కునుకు తీయగలదు గాని, గాఢనిద్రకు కొంతసేపైనా పడుకోవలసిందే. కర్నూలు ప్రాంతంలో నేలకు నాపరాళ్ళు పరవటం వాడుక. తడిసిన నాపరాయిపై గుర్రం జారుతుంది కనుక సాలలో మట్టినేల గాని, రాయిపై మందంగా పరచిన వరిగడ్డి గాని మేలు.

దినచర్య సాధారణంగా ఈ క్రమంలో ఉంటుంది:

- తెల్లవారకముందే సాల శుభ్రం చేసి, నీరు పెట్టి, కొంత గడ్డి వేయటం.
- నాలుగు గిట్టలను ఎత్తి, అడుగున ఇరుక్కున్న రాళ్ళు, మట్టి తీయటం.
- ఒంటిని ఖరారాతో, కుచ్చుతో తోమి, జీను ఆనే చోట పుండ్లు ఉన్నాయేమో చూడటం.
- చల్లని వేళలో స్వారీ గాని బండి పని గాని చేయించటం.
- పని ముగిసిన తరువాత చెమట ఆరేవరకు నెమ్మదిగా నడిపించటం.
- ఒళ్ళు చల్లబడిన తరువాతనే దాణా పెట్టటం.
- రాత్రికి చొప్ప, గడ్డి, నీరు ఉంచటం.

మేత, నీరు

గుర్రం కడుపు శరీరంతో పోలిస్తే చిన్నది. అది రోజంతా కొద్దికొద్దిగా గడ్డి మేయటానికి ఏర్పడిన జంతువు. తిన్నదానిని వాంతి చేసుకోలేదు. అందువలన ఒకేసారి ఎక్కువ దాణా పెడితే కడుపుశూల వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది. ఎండు లెక్కన శరీర బరువులో సుమారు 2 శాతం మేత కావాలి. అంటే 300 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోలు. ఇందులో అధికభాగం గడ్డి, చొప్ప కావాలి.

దాణాలో ఉలవలు ముఖ్యమైనవి. వీటిని నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్ళుగా చేసి పెడతారు. తవుడు, శనగలు, శనగపొట్టు కూడా వాడతారు. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది కనుక దాణాలో ఉప్పు కలపాలి.

ఎద్దుకు సరిపడినదంతా గుర్రానికి సరిపడదు. ఆదోనిలో సులభంగా దొరికే పత్తిగింజలను పాడి పశువులకు పెడతారు గాని, వాటిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉన్నందున గుర్రానికి, ముఖ్యంగా పిల్లకు, పెట్టకపోవటమే క్షేమం. లేత జొన్న పైరులో నాము అనే విషం ఉంటుంది. బూజుపట్టిన వేరుశనగ కట్టె, చొప్ప కూడా ప్రమాదకరమే.

పని లేని రోజున కూడా గుర్రం 25 లీటర్లకు తక్కువ కాకుండా నీరు త్రాగుతుంది. వేసవిలో పని చేస్తే 50 లీటర్లు దాటవచ్చు. తుంగభద్ర దిగువ కాలువ నీటిపై ఆధారపడిన ఈ ప్రాంతంలో, ఎండాకాలంలో ఇంటికి చాలినంత నీరు దొరకటమే కష్టమైనప్పుడు గుర్రానికి నాలుగైదు బిందెలు కేటాయించటం చిన్న విషయం కాదు.

ఋతువులను బట్టి మార్పులు

వేసవి: మార్చి నుండి జూన్ మొదటి వారం వరకు పని అంతా ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 5 గంటల తరువాత పెట్టుకోవటం మంచిది. గుర్రం మనిషివలె చెమట ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ముక్కుపుటాలు ఎగరవేయటం, తూలటం, చెమట హఠాత్తుగా ఆగిపోవటం వడదెబ్బ గుర్తులు. వేడెక్కిన గుర్రంపై చల్లని నీరు పోయరాదనే నమ్మకం చాలా దేశాలలో ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడల సందర్భంగా జరిగిన పరిశోధనలలో అది నిజం కాదని తేలింది. నీడకు తెచ్చి, ఒంటినిండా చల్లని నీరు పోస్తూ, మధ్యమధ్య నడిపించటం ప్రాణం కాపాడుతుంది. త్రాగటానికి కూడా కొద్దికొద్దిగా నీరు ఇస్తూ ఉండాలి.

వర్షాకాలం: జూన్ నుండి అక్టోబరు వరకు బాధ ఎండ నుండి బురదకు మారుతుంది. నల్లరేగడి మట్టి తడిస్తే జిగురువలె గిట్టలకు పట్టుకుంటుంది. అది తీయకుండా వదిలితే గిట్ట అడుగు కుళ్ళి దుర్వాసన వేస్తుంది. బురదలో లాడం ఊడిపోవచ్చు, గుర్రం జారి కాలు బెణకవచ్చు. కనుక రేగడి బాటలలో పరుగు పెట్టించరు. ఎర్రనేలలు, రాతి బాటలు కొంత నయం. తొలకరికి మొలిచిన పచ్చగడ్డిని ఒక్కసారిగా మేపితే కడుపుశూల వస్తుంది. వారం, పది రోజులలో క్రమంగా పెంచాలి. ఈ కాలంలో జోరీగల బెడద ఎక్కువ. సాయంత్రం సాలలో వేపాకు పొగ వేయటం ఆచారం. పేడను సాలకు దూరంగా వేస్తే ఈగలు తగ్గుతాయి.

శీతాకాలం: నవంబరు నుండి ఫిబ్రవరి వరకు స్వారీకి అనువైన కాలం. నేల ఆరి గట్టిపడుతుంది, గాలి పొడిగా ఉంటుంది, కోతల తరువాత చొప్ప, కట్టె చవకగా దొరుకుతాయి. క్రొత్తగా స్వారీ నేర్చుకొనేవారు, పిల్ల గుర్రాలను మరిపేవారు ఈ నెలలను ఎన్నుకోవటం మంచిది. వేసవికి కావలసిన మేతను ఈ కాలంలోనే కొని, వాన తగలకుండా వామి వేసుకోవాలి. జనవరి నెలలో ఎమ్మిగనూరులో జరిగే నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుపక్కల ప్రజలు పెద్దసంఖ్యలో వస్తారు. రాత్రి చలికి ఆరోగ్యంగా ఉన్న గుర్రానికి కంబళి అవసరం లేదు. ముసలి, బలహీన గుర్రాలకు మాత్రం గోనెపట్టా కప్పుతారు.

గిట్టలు, లాడాలు

గిట్ట నెలకు సుమారు 6 నుండి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరు నుండి ఎనిమిది వారాలకు ఒకసారి పాత లాడం తీసి, గిట్ట చెక్కి, క్రొత్త లాడం వేయించాలి. మేకులు గిట్ట వెలుపలి గోడలో మాత్రమే దిగాలి. అక్కడ నొప్పి తెలియదు. లోపలికి దిగితే గుర్రం కుంటుతుంది, చీము పడుతుంది. రోడ్డుపై పని లేని గుర్రాన్ని లాడాలు లేకుండా ఉంచవచ్చు. గుర్రాలు తగ్గటంతో లాడాలు కొట్టే పనివారు కూడా తగ్గిపోయారు. ఎద్దులకు లాడాలు కొట్టే పద్ధతి వేరు, దాని గిట్ట చీలినది. ఆ పని తెలిసినవారందరికీ గుర్రపు పని తెలియదు.

స్వారీ

గుర్రం దగ్గరకు ఎడమ భుజం వైపు నుండి, మాట్లాడుతూ పోవాలి. సరిగ్గా వెనుక నిలబడరాదు, ఎందుకంటే దానికి ఆ చోటు కనిపించదు. ఎక్కటం కూడా ఎడమవైపు నుండే అలవాటు. జీను పట్టీ బిగువు సరిచూచి, ఎడమ పాదాన్ని రికాబులో ముందు భాగం వరకే ఉంచి ఎక్కాలి. పాదం పూర్తిగా దూరితే పడినప్పుడు చిక్కుకొని ఈడ్చుకుపోయే ప్రమాదం ఉన్నది. పగ్గాలను గుంజి పట్టరాదు. కళ్ళెం ఇనుము నోటిలో మెత్తని భాగంపై ఆనుతుంది. తలకు శిరస్త్రాణం తప్పనిసరి. పట్టణంలో మోటారు వాహనాల హారన్లకు అలవాటుపడని గుర్రాన్ని రోడ్డుపైకి తేరాదు.

రోగాలు

ఆరోగ్యంగా ఉన్న గుర్రపు ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్, విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుండి 44 ఉంటుంది. యజమాని తెలుసుకొని ఉండవలసిన వ్యాధులు:

- కడుపుశూల: పొట్టవైపు చూడటం, నేలను గోకటం, పొర్లటం గుర్తులు. మేత ఆపి వెంటనే పశువైద్యుని పిలవాలి.
- ధనుర్వాతం: గిట్టలో మేకు గుచ్చుకున్నా రావచ్చు. టీకా ఉన్నది.
- సర్రా: జోరీగల ద్వారా వ్యాపించే పరాన్నజీవి వలన కలుగుతుంది. జ్వరం వచ్చిపోతూ, రక్తం తగ్గి, కాళ్ళు వాస్తాయి. తొలిదశలో గుర్తిస్తే మందులు పనిచేస్తాయి.
- గ్లాండర్స్: ముక్కునుండి చీము, చర్మంపై గడ్డలు వస్తాయి. మనుషులకు కూడా సోకి ప్రాణం తీయగలదు. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం దీనిని అధికారులకు తెలియజేయాలి. నిర్ధారణ అయిన గుర్రాన్ని చంపి పూడ్చివేస్తారు.

ఒకే గుర్రంపై బ్రతికే కుటుంబానికి గ్లాండర్స్ నిర్ధారణ అంటే జీవనాధారం పోవటమే. ఆ భయంతో రోగాన్ని దాచితే ఇంటిలోనివారికే మొదట ముప్పు. అశ్వవ్యాధులపై పరిశోధనకు 1985లో హర్యానాలోని హిసారులో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఏర్పాటైనది.

చట్టం

1960 నాటి జంతు హింస నివారణ చట్టం క్రింద 1965లో బండ్లు లాగే జంతువులకు నియమాలు చేయబడ్డాయి. వాటి ప్రకారం జంతువుచే రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు బండి కట్టరాదు. బండివాడు, ఆరేళ్ళ లోపు పిల్లలు కాక నలుగురికి మించి ఎక్కించరాదు. ముండ్లు గల కళ్ళెం నిషిద్ధం. జంతువును ఆకలిదప్పులకు విడిచిపెట్టటం కూడా నేరమే.

ఉత్సవాలు

దేవాలయ బ్రహ్మోత్సవాలలో అశ్వవాహన సేవ ఉంటుంది. మైలార దేవునిగా కొలిచే మల్లన్నను గుర్రంపై ఉన్నట్లు చిత్రిస్తారు. పెళ్ళిళ్ళలో వరుని గుర్రంపై ఊరేగించటం వాడుకలో ఉన్నది. బాణసంచా, పెద్ద శబ్దాలు గుర్రాన్ని బెదరగొడతాయి కనుక ఊరేగింపులో పగ్గం పట్టుకొని నడిచే మనిషి తప్పక ఉండాలి.

క్షీణత

ఆటోరిక్షాలు, బస్సులు పెరిగినకొద్దీ జట్కాలకు ప్రయాణికులు తగ్గారు. ఆటోకు ప్రయాణం లేని రోజున ఖర్చు లేదు. గుర్రానికి మాత్రం ప్రతిరోజూ మేత, నీరు కావాలి. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అనే సామెత జట్కావారి లెక్కను ఒక్క మాటలో చెబుతుంది. దేశం మొత్తం మీద కూడా ఇదే పరిస్థితి. 2012 పశుగణనలో సుమారు 6.25 లక్షలుగా ఉన్న గుర్రాలు, తట్టువలు 2019 నాటికి సుమారు 3.42 లక్షలకు, అంటే 45 శాతానికి పైగా తగ్గాయి.

గుర్రం 25 నుండి 30 ఏళ్ళు బ్రతుకుతుంది. పనిచేసే వయసు అంతకంటె తక్కువ. పెళ్ళిళ్ళ కాలంలో మాత్రమే ఆదాయం వచ్చే ఈ రోజులలో, గుర్రం కొనదలచినవారు మొదట చూడవలసినది దాని ధర కాదు. మండువేసవిలో నీరు, పని లేని నెలలలో మేత, గిట్టలు చెక్కే మనిషి, దగ్గరలో పశువైద్యుడు, ముసలితనంలో కట్టివేయటానికి చోటు, ఈ ఐదూ ఉన్నవారే గుర్రాన్ని పెంచగలరు.

ఇవి కూడా చూడండి

- ఆదోని
- ఎమ్మిగనూరు
- గుర్రం
- జట్కా
- ఉలవలు
- దత్తమండలాలు